వదిలేసే లెక్క

సాయంత్రం ఆరింటికి పుస్తకం చేతికిచ్చారు.
తెల్లారి ఆరింటికి జెండా ఊపుతారు.
నడుమ ఉన్నది ఎల్కోలో ఒక మోటెల్ గది,
ఒక కాలు కుంటే బల్ల,
మూడు రంగుల స్కెచ్ పెన్నులు,
చల్లారిన బర్గర్.

అరవై ఎనిమిది చోట్లు. ముప్పై ఆరు గంటలు.
మూతబడ్డ వెండిగని గేటుకి నూట పన్నెండు పాయింట్లు.
ఎడారిలో ఎవరో నిలబెట్టిన ఇనప గుర్రానికి నాలుగొందలు,
అదీ సూర్యుడు పైకొచ్చాకే,
బండీ జెండా గుర్రమూ ఒకే ఫోటోలో పడాలి.
ఇక అదిగో, వాయవ్య మూలన,
ఒరెగాన్ తీరంలో పాత లైట్‌హౌస్: రెండువేల మూడొందలు.
పోను రాను పధ్నాలుగొందల మైళ్ళు.
పుస్తకం రాసినవాడికి తెలుసు
ఆశ ఎక్కడ దురద పెడుతుందో.

గోడకవతల డ్వేన్ క్రూగర్ అప్పుడే ఈల వేస్తున్నాడు.
వాడు లైట్‌హౌస్‌కే పోతాడు. ఏటా అలాంటి దానికే పోతాడు.
ఒకసారి గెలిచాడు కూడా.
మిగతా ఏళ్ళు వాడి బండి
ట్రైలరెక్కి ఇల్లు చేరింది.

దూరపు కొండలు నునుపంటారు.
మ్యాపులో దగ్గరివీ నునుపే.
వేలితో నిమిరితే ఒక్క రాయీ గుచ్చుకోదు,
ఒక్క జింకా అడ్డం రాదు.

నాకిది నేర్పింది మెర్లిన్ టఫ్ట్,
బ్యాటిల్ మౌంటెన్‌లో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాడు.
"ఏ ఇంటికి వెళ్ళాలో సంచీయే చెబుతుంది, ఆర్డిత్.
ఏ ఇంటికి వెళ్ళకపోయినా కొంప మునగదో
అది నువ్వే తెలుసుకోవాలి."
ముందు నిద్ర రాసుకో, అనేవాడు,
ఆ తర్వాతే దారి.

రాసుకున్నాను. ఈలీలో మూడు గంటలు, రెండు రసీదుల మధ్య.
ఆరొందల పాయింట్లు.
ఈ పుస్తకం మొత్తంలో
కదలకుండా దొరికేది అదొక్కటే.

ఈలీ దాటితే టోనోపా దాకా
నూట అరవై ఎనిమిది మైళ్ళు, పెట్రోలు చుక్క దొరకదు.
నా ట్యాంకు రెండొందల పది వస్తుంది,
ఎదురుగాలి మర్యాదగా ఉంటే.
ఉండదనే రాసుకున్నాను.

యూటా వైపువన్నీ కొట్టేశాను.
నాలుగేళ్ళ కిందట ఆ సరిహద్దులో ఒక గంట పోగొట్టుకున్నాను.
ఎవరూ దొంగిలించలేదు,
గీత అవతల గడియారం ముందుంది, అంతే.
డెల్టాలో నేను స్టాండు వేస్తుండగా
నా ఎదుటే గేటుకి తాళం పడింది.
వెనక్కి దాటితే గంట తిరిగొచ్చింది.
పాయింట్లు రాలేదు.

అర్ధరాత్రి దాటాక దారి గీయడమంటే
కొట్టివేయడమే.
నలభై. ముప్పై ఒకటి. పంతొమ్మిది.
లైట్‌హౌస్ దాకా ఆకుపచ్చ గీత ఒకటి గీశాను,
చూసుకున్నాను కాసేపు,
చెరిపేశాను.
కాగితం మీద గాడి మాత్రం పోలేదు.

రెండో రోజు తెల్లవారుజామున
గాలి వెనక నుంచి తోసింది.
ఎదురుగాలికి దాచుకున్న నిమిషాలన్నీ మిగిలిపోయాయి.
ఇనప గుర్రం దగ్గరికి నేను ముందొచ్చాను,
సూర్యుడింకా రాలేదు.
ఇరవై రెండు నిమిషాలు.
ఏ రంగులోనూ గీయని ఇరవై రెండు నిమిషాలు.

ఇంజను ఆపితే చెవుల్లో అదే మోత.
వేరుశనగలు తిన్నాను. చేతి తొడుగులు విప్పాను.
ఎవరో గిట్టల కింద గుర్రపునాడా బదులు
పాత సైకిలు చైను వెల్డింగ్ చేశారు.
వెలుగు ముందు దాని మీదే పడింది,
తర్వాత మోకాళ్ళకి పాకింది,
పొట్ట దగ్గర కాసేపు ఆగింది,
అక్కడ పిచ్చుక గూడుంది.
మెడ దాకా వచ్చేసరికి
ఫోటో తీయాలన్న సంగతి
నాకే గుర్తు చేసుకోవాల్సొచ్చింది.

సాయంత్రం ఎల్కోలో లెక్క తేలింది: తొమ్మిదో స్థానం.
డ్వేన్ ఇంకా విన్నెముక్కలోనే ఉన్నాడు,
గడువు దాటి నలభై నిమిషాలయింది.
ఫోన్ చేశాను.
"లైట్‌హౌస్ దొరికిందా?"
"దొరికింది."
"సముద్రం ఎలా ఉంది?"

అటువైపు లారీ ఒకటి వెళ్ళిన చప్పుడు.

"చూడలేదు, ఆర్డిత్.
ఫోటో తీసి తిరిగేశాను."